రాలిన కాయల లెక్క

రోహిణి కార్తెలో తోట చూడ్డానికి వెళ్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. రోళ్లు పగిలే ఎండలు, రెండు వానలు పడ్డాక వెళ్లమంది. అప్పుడైతే పచ్చగా ఉంటుంది, చూడ్డానికీ బాగుంటుంది అంది. కానీ ముందు రోజు ఫోన్లో నా స్నేహితురాలు ఒక మాట అంది. "ఈసారి వస్తేనే చూస్తావు. వచ్చే ఏటికి ఈ తోట ఉంటుందో లేదో." అది విన్నాక బరంపురంలో ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. మర్నాడే గుణుపురం బండి ఎక్కాను.

మేమిద్దరం బరంపురంలో కలిసి చదువుకున్నాం. పెళ్లయ్యాక ఆమె కాశీనగరం వైపు వెళ్లిపోయింది. గజపతి జిల్లా, వంశధార ఒడ్డు. అక్కడ కొంత దూరం నదే సరిహద్దు, ఈ గట్టు ఒడిశా, ఆ గట్టు ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయింది అప్పుడే. నా స్నేహితురాలి అత్తవారు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. పిల్లలు బడిలో ఒడియా చదివారు, ఇంట్లో తెలుగు మాట్లాడారు, కొండ దిగి వచ్చే సవర ఆదివాసీలతో మూడు భాషలూ కలిపి బేరమాడారు. ఎందుకు వెళ్లలేదని ఆ ఇంటి పెద్దావిడను ఒకసారి అడిగాను. "పొలం అమ్మితే ఇంకోచోట పొలం కొంటాం. మా మామగారు వేసిన పనసచెట్టు అమ్మి, అలాంటిది ఏ ఊళ్లో కొంటావమ్మా?" అంది.

ఆవిడను ఇంట్లో అందరూ మామ్మ అంటారు, నేనూ అంతే. ఎనభై దాటిన మనిషి. కొంగు నడుముకు చుట్టి, గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏటమ్మా, ఇంత ఎండన పడి వచ్చినావు? ముందు ఈ తరవాణి తాగు. ఆ చెట్లెక్కడికీ పోవు."

అన్నాక ఆవిడే ఒక్క క్షణం ఆగింది. పోతాయేమోనన్న భయంతోనే కదా నేను వచ్చింది.

తరవాణి పల్చగా, పుల్లగా, చల్లగా ఉంది. రాత్రి వార్చిన గంజీ నీళ్లూ కుండలో పులిసి, అందులో ఉప్పు, నలిపిన నిమ్మాకు, చితక్కొట్టిన పచ్చిమిరపకాయ. పక్కింటి ఒడియా వాళ్లు పఖాళ అనేది దీనికి అక్కలాంటిదే, అందులో అన్నం మెతుకులు నిండుగా ఉంటాయి, అంచుకు వడియాల పొడి ఉంటుంది. రెండు లోటాలు తాగాను. చెవుల దాకా ఎక్కిన వేడి మెడ దగ్గర నుంచి కిందికి దిగుతున్నట్టు తెలిసింది.

తర్వాత ముందు పొలంలోకి వెళ్లాం. తోటకు దారి అటు నుంచే. పొలం చూస్తే దిగులేసింది. వరి మోళ్లు ఎండి బూడిదరంగుకు తిరిగాయి. నేల నెర్రెలు విచ్చింది, ఒక నెర్రెలో నా అరచెయ్యి నిలువునా దిగిపోయింది. గట్టు మీద గడ్డిపరక లేదు. ఇక్కడ ఒడియా రైతులు అక్షయ తృతీయ నాడు "అఖి ముఠి" అని గుప్పెడు విత్తనాలు చల్లి, సాగు మొదలైందనిపిస్తారు. మన వైపు జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక. ఈ ఇంట్లో రెండూ చేస్తారు. నేను వెళ్లింది సరిగ్గా ఆ రెండిటి నడుమ. విత్తనం పూజ అయిపోయింది, అసలు విత్తడం మొదలు కాలేదు. గాదెలో ధాన్యం అడుగు కనిపించేది కూడా ఈ రోజుల్లోనే. పొలం మీదే బతికే మనిషికి ఏడాది మొత్తంలో అతి బరువైన నెల ఇది.

గట్టు దాటి, ముళ్లకంప తొలగించి నాలుగడుగులు వేశామో లేదో, లోకం మారిపోయింది. రెండున్నర ఎకరాలు ఉంటుంది తోట. పదకొండు పనసలు, కొమ్మకే కాదు మొదలుకు కూడా కాయలు వేలాడుతున్నాయి. నాటు మామిళ్లు, వాటి పేర్లు ఏ నర్సరీలోనూ దొరకవు, ఈ ఇంట్లోనే పుట్టిన పేర్లు. ఒకటి పీచు మామిడి, ఒకటి మిరియాల మామిడి, ఇంకొకటి నూతికాడది. పై చెక్కలో జీడిమామిళ్లు, కాపు అయిపోవచ్చింది, చివరి పళ్లు నేల మీద పడి పులిసిన వాసన వస్తోంది. రెండు చింతలు, ఒక ఇప్ప, కాయ నల్లబడుతున్న నేరేడు, గట్టు వెంట తాళ్లు. కింద నీడలో అల్లం, పసుపు వేసుకునే మళ్లు, కంద, ఎండిన తీగతో పెండలం. పొలం ఖాళీగా ఉన్న రోజునే తోట నిండుగా ఉంది. రెండు వానలు పడ్డాక వెళ్లి ఉంటే అంతా పచ్చగానే కనిపించేది, ఈ తేడా నాకు తెలిసేది కాదు.

పనసచెట్ల మొదళ్ల మీద తెల్లరంగుతో అంకెలు వేసి ఉన్నాయి. 1, 2, 3 అలా 11 దాకా. మామిళ్లకు వేరే వరస. కలప వ్యాపారి మొన్న వచ్చి వేసి వెళ్లాడట. 7వ నంబరు పనసకు, సరిగ్గా ఆ అంకె పక్కనే, చంటిపిల్ల తలకాయంత కాయ ఒకటి కాసింది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు.

ఇక అసలు విషయం చెప్పాలి. తోట కొట్టించాలన్నది మా స్నేహితురాలి మరిది ఆలోచన. విశాఖలో ఉద్యోగం చేస్తాడు, ఆ రోజు ఊళ్లోనే ఉన్నాడు. తోట తీసేసి నీలగిరి వేద్దామంటాడు. అతన్ని చెడ్డవాడిగా చూపించను, చూపిస్తే అబద్ధమవుతుంది. వాళ్లన్నయ్యకు ఆపరేషన్ అయినప్పుడు అప్పు తెచ్చింది అతనే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఈ కొండల మీద పడి, వంశధార పొంగి, ఇక్కడ ఊళ్లు ఊళ్లు చీకట్లో ఉండిపోయినప్పుడు, రోడ్లు లేక నడుచుకుంటూ వచ్చి ఇంటివాళ్లను చూసుకున్నదీ అతనే. ఆ తుపానుకు తోటలో ఆరు చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. వాటి చోట మళ్లీ మొక్క పెట్టించేందుకు మనిషి దొరకలేదని చెప్పాడు. అది నిజమే. ఊళ్లో కుర్రాళ్లు సూరత్‌లోనో కేరళలోనో ఉన్నారు.

తాటిచెట్టు కింద కూర్చుని ముంజలు తింటూ అతను తన లెక్క చెప్పాడు. నీలగిరి క్లోన్ మొక్క నాటితే నాలుగైదేళ్లకు కోత. మోడు నుంచి మళ్లీ చిగురేస్తుంది, మళ్లీ కోత. మేకలు తినవు, కోతులు రావు, కాపలా అక్కర్లేదు. కాగితం మిల్లుకు కావలసినవాళ్లు లారీ వేసుకుని వచ్చి, తూకం వేసుకుని, డబ్బు ఖాతాలో వేసి పోతారు. "పనసకాయ సంతకు మోసుకెళ్తే ఆటో ఖర్చు కూడా రాదక్కా. సగం చెట్టు మీదే కుళ్లిపోతాయి. అమ్మ పోయాక ఇదంతా ఎవరు చూస్తారు? అన్నయ్యకు ఓపిక లేదు, నేనిక్కడ ఉండను." మాట కఠినంగా లేదు. అలిసిపోయి ఉంది.

ఆ లెక్కలో నేను తప్పు పట్టగలిగిన అంకె ఒక్కటీ లేదు. తప్పు అడిగిన ప్రశ్నలో ఉంది. "ఎకరానికి ఏడాదికి ఎంత?" అని అడిగితే జవాబు ముందే తేలిపోతుంది, అది నీలగిరే. నేను అడిగేది వేరు. ఏ నెలలో ఎంత? ఎవరికి? ఈ రెండూ అడగకుండా తోటను లెక్కగట్టడం, ఆవు కట్టె మోయదని చెప్పి దాని పాలు లెక్క వేయకపోవడం లాంటిది.

నెల లెక్క మామ్మ నోటివెంట వింటే నాకు ఇంకా బాగా అర్థమైంది. ఆవిడ కాగితం చూసి చెప్పలేదు, వేళ్ల కణుపులు పట్టుకుని చెప్పింది. మాఘంలో పసుపు తవ్వడం, కొండ చీపుళ్లు. ఫాల్గుణంలో చింతపండు కొట్టడం, జీడిమామిడి పిందె. చైత్రంలో తెల్లవారుజామున ఇప్పపూలు రాలతాయి, గంపలు పట్టుకుని అందరూ అక్కడే. పచ్చి పనసతో పొట్టుకూర కూడా అప్పుడే. వైశాఖమంతా జీడిపిక్కలు, ముంజలు, ఆవకాయ. జ్యేష్ఠంలో పనస పండు, మామిడి పండు, నేరేడు, ఇప్ప పిక్కలు ఏరి నూనె ఆడించడం. వానల్లో తాటిపండు. ఆశ్వయుజంలో కొండ నుంచి సీతాఫలం. మార్గశిరంలో తేగలు, పెండలం, కంద. కణుపులన్నీ నిండిపోయాయి. "డబ్బు ఎప్పుడూ ఎక్కువ రాలేదమ్మా. కానీ చేతిలో ఏమీ లేని నెల నాకు గుర్తులేదు," అంది. నీలగిరి నాలుగేళ్లకోసారి అన్నం పెడుతుంది. నాలుగేళ్లు ఆకలి ఆగదు కదా. ఉద్యోగం ఉన్నవాడికి నాలుగేళ్ల తర్వాత వచ్చే డబ్బు సరిపోతుంది, అతని నెల జీతం అతనికి ఉంది. తోట ఈ ఇంటికి నెల జీతం.

మధ్యాహ్నం తాండ్ర దగ్గర కూర్చున్నాను. చేసినవాళ్లకే తెలుస్తుంది ఈ పనిలో ఎండ ఎంత అవసరమో. పీచు మామిడి పళ్లు పిసికి, రసం పల్చటి గుడ్డలో వడకట్టి, బెల్లం కలిపి, ఈతచాప మీద చేత్తో పూస్తారు. సాయంత్రానికి అది చర్మంలా బిగుస్తుంది. మర్నాడు దాని మీద ఇంకో పూత. నేను చూసినప్పుడు పదకొండో పూత మీద ఉంది. అంచులు ముదురు తేనెరంగుకు తిరిగి, చాప అల్లిక అడుగున గుర్తుగా పడింది. వేలు పెట్టి చూస్తే అంచు గట్టిగా, నడిమి భాగం ఇంకా జిగటగా ఉంది. వేలు తీస్తే సన్నటి చప్పుడుతో వదిలింది. ఒడియాలో దీన్నే ఆంబసఢా అంటారు. కాకులు రాకుండా ఆరేడేళ్ల సవర పిల్లవాడు ఒకడు చేతిలో కర్ర పట్టుకుని కూర్చున్నాడు, పని అయ్యాక అంచు కత్తిరించిన ముక్క వాడిది. పొలాన్ని నెర్రెలు విచ్చేలా చేసిన ఎండే ఇక్కడ పొయ్యి లేకుండా వంట చేసి పెడుతోంది. పండు పుచ్చిపోకుండా ఏడాదికి నిలవ చేసేది ఈ పదిహేను రోజుల ఎండే. ఒక్క మబ్బు వచ్చినా మామ్మ ఆకాశం వైపు చూస్తోంది.

పనస కోయడం కూడా ఆవిడ చేతుల్లోనే చూడాలి. కత్తికి, రెండు చేతులకు, నేల మీద పరిచిన గోనెసంచికి నూనె రాసింది. కాయను నిలువునా చీల్చగానే తెల్లటి పాలు బుడగల్లా తేలాయి, వాటిని ఎండుగడ్డి చుట్టతో అద్ది తీసింది. ఒక్కొక్క తొనా పీచు వదిలి బయటికి వచ్చేసరికి వాసనకు ఈగలు కాదు, ముందు మనుషులు మూగారు. తొనలు తిన్నాక పిక్కలు వేరే గిన్నెలో వేసి ఉంచింది, అవి బూడిదలో కాల్చుకోవడానికట. తొక్క ఆవుకు వేసింది. ఆ కాయలో పారేసింది ఏమిటా అని వెతికాను, ఆ పాలు అంటుకున్న గడ్డిచుట్ట ఒక్కటే కనిపించింది.

ఇక ఎవరికి అన్న ప్రశ్న. కొండ మీద సవరల గూడెం ఒకటి ఉంది, అక్కడి పిల్లలు పొద్దున్నే ఈ తోటలోకి దిగుతారు. ఎవరూ అడ్డు చెప్పరు. ఈ తోటకు ఒక పద్ధతి ఉంది, ఎక్కడా రాసిపెట్టలేదు. కోసింది ఇంటివాళ్లది, రాలింది ఏరుకున్నవాళ్లది. మామ్మ మామగారి కాలం నుంచి అంతే. కాయ కోసం కొమ్మ ఊపకూడదు, రాయి విసరకూడదు. గాలి వేస్తే మాత్రం ఎంత పెద్ద గంప తెచ్చుకున్నా వాళ్లదే. ఒక అమ్మాయి ఏరుకున్న కాయల్ని చెట్టు కింద కూర్చుని వేరుచేస్తుంటే పక్కన కూర్చున్నాను. పగిలినవి ఒక కుప్ప, అవి ఇవాళే తినాలి. పచ్చివి ఒక కుప్ప, అవి ముక్కలు కోసి ఉప్పు రాసి ఎండబెట్టి వానాకాలానికి దాచుకుంటారు. పురుగు రంధ్రం ఉన్నదాన్ని తీసి చూసి, పురుగున్న మేర పళ్లతో కొరికి ఉమ్మేసి, మిగిలింది పచ్చివాటిలో వేసింది. నిన్నటి టెంకలు వేరే గుడ్డలో మూటకట్టి ఉన్నాయి.

ఆ టెంకల గురించి రాయకుండా దాటిపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. ఈ కొండల్లో మామిడి టెంకను పారెయ్యరు. ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడి తీసి దంచి, వగరు పోయేదాకా పారే నీళ్లలో నానబెట్టి, అంబలి కాచుకుంటారు. బియ్యం అయిపోయిన వానాకాలంలో అదే ఆధారం. కానీ నిలవలో తడి తగిలి బూజు పడితే అదే విషమవుతుంది. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్‌లో టెంక అంబలి తిన్నవాళ్లు చనిపోయారన్న వార్త దేశమంతా తిరిగింది. మళ్లీ 2024 నవంబర్‌లో కంధమాల్ జిల్లా దారింగబాడి వైపు అదే జరిగింది. ఇరవై మూడేళ్ల తేడాతో అదే వార్త.

మరిది ఇదే పట్టుకున్నాడు. "చూశారా అక్కా, మీరు పొగిడే చెట్టు పెట్టే తిండి ఇది." ఆ మాటకు నాకు వెంటనే జవాబు తోచలేదు. నిజంగానే మింగుడుపడలేదు. తర్వాత ఆలోచించి చెప్పింది ఇది. వాళ్లు చనిపోయింది చెట్టు ఉన్నందుకు కాదు, వాళ్లకు చివరికి టెంక ఒక్కటే మిగిలినందుకు. చోళ్లూ, సామలూ, కందులూ పండే కొండ చెక్కలు, చేతికొచ్చే ఇప్పపూలు, పనస పిక్కలు, దుంపలు, రేషన్ బియ్యం, ఇవన్నీ ఉన్నంతకాలం టెంక అంబలి పది తిండ్లలో ఒకటి. తొమ్మిదీ పోయాక అది ఒక్కటే తిండి అవుతుంది, బూజు పట్టినా పారేసే ధైర్యం ఉండదు. ఆ తొమ్మిదిలో ఒకదాన్ని మనం ఇక్కడ, ఈ తోటలో, తెల్లరంగు అంకె వేసి తీసేస్తున్నాం. ప్రభుత్వం బియ్యం సరిగా ఇవ్వాలి, అది దాని పని. కానీ ఈ రెండున్నర ఎకరాలు మన చేతిలో ఉన్న పని.

నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి ఒక కారణం ఉంది, అది చెప్పుకోవడం నాకు కష్టం. మా నాన్నకు గోపాల్‌పూర్ రోడ్డు వైపు ఎకరంన్నర తోట ఉండేది. మామిళ్లు, కొబ్బరి, ఒక పెద్ద చింత. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తెల్లారి చూస్తే సగం తోట నేల మీద ఉంది. మిగిలిన సగం మళ్లీ కాపుకు వచ్చేది. కానీ ఆ సంవత్సరం నేనూ తమ్ముడూ కూర్చుని, ఇప్పుడు ఈ మరిది వేసినలాంటి లెక్కే వేశాం. ఎకరానికి ఏడాదికి ఎంత? ప్లాట్లు వేసి అమ్మితే ఎంత? నాన్న ఒక్క మాట అనలేదు, సంతకం పెట్టారు. నేను ఆ మౌనాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

తర్వాతి రెండు వేసవుల్లో ఒక ముసలావిడ మా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఏటా మా చింతచెట్టు కింద రాలిన కాయ ఏరుకుని, గింజ తీసి, బరంపురం బజార్లో అమ్ముకునేదట. నాకు ఆవిడ ఉన్నట్టే తెలియదు. "చెట్టేదమ్మా?" అని ఒడియాలో అడిగింది. మొదటి ఏడు అడిగినప్పుడు నాన్న లేచి లోపలికి వెళ్లిపోయారు. రెండో ఏడు మళ్లీ వచ్చి మళ్లీ అదే అడిగింది, ఎక్కడికైనా మార్చారేమో అన్నట్టు. మేము వేసిన లెక్కలో ఆవిడ ఎక్కడా లేదు. ఆ తోట ఎంతమందికి అన్నం పెట్టిందో కూడా తెలియకుండా దానికి ధర కట్టేశాం. ఈ రోజుకీ నాకు దీనికి క్షమాపణ చెప్పుకునే చోటు లేదు.

మన పక్కనే కొరాపుట్ ఉంది. అక్కడి సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ సేద్యాల్లో ఒకటిగా గుర్తించింది. పాత వరి విత్తనాలు ఇంట్లో దాచి ఊరూరా పంచిన ఆదివాసీ మహిళ కమలా పూజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆవిడ కన్నుమూశారు. అదే ఏడాది కొరాపుట్ కాలాజీరా బియ్యానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ చదివి మనం సంతోషిస్తాం, నేనూ సంతోషించాను. విత్తనం దాచిన మనిషికి చప్పట్లు కొట్టిన చేత్తోనే సొంత పెరట్లో చెట్టుకు అంకె వేయించడం నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది. మామ్మ దాచింది కూడా విత్తనమే. మిరియాల మామిడి ఇంకెక్కడ ఉందో నాకు చూపించండి.

ఇంకొక్క మాట. జూన్ నడుమ ఒడిశాలో రజ పండుగ వస్తుంది. మూడు రోజులు భూమి తల్లికి విశ్రాంతి, నాగలి పెట్టరు, మట్టి తవ్వరు. ఆడపిల్లలంతా ఉయ్యాలలూగుతారు. ఈ తోటలో ఆ ఉయ్యాల ఎప్పుడూ నూతికాడ మామిడి అడ్డకొమ్మకే. నా స్నేహితురాలి కూతురు ఫోన్లో పాత ఫొటోలు చూపించింది, ఏడేళ్లప్పుడు, పన్నెండేళ్లప్పుడు, నిరుడు, అన్నిట్లో అదే కొమ్మ. నీలగిరి నిటారుగా పోతుంది, దానికి ఉయ్యాల వేసే కొమ్మ ఉండదు. దాని కింద పసుపు సరిగా పండదు, దాని కింద ఏరుకోవడానికి రాలేది ఆకే. ఇది చిన్న విషయమని ఎవరైనా అనవచ్చు. ఆ అమ్మాయికి చిన్నది కాదు.

నాలుగు దాటాక పడమటి కొండ మీద మబ్బు నల్లగా లేచింది. గాలి ఆగిపోయింది, ఆకు కదల్లేదు. మామ్మ కేక వేసింది, అందరం పరిగెత్తి తాండ్ర చాపలు పట్టుకుని సావిట్లోకి చేర్చాం. మరిదీ ఒక కొస పట్టుకున్నాడు. చాపలు లోపల పెట్టామో లేదో గాలి విరుచుకుపడింది. తాటాకులు చాటలు చెరిగినట్టు కొట్టుకున్నాయి. మామిడికాయలు నేల మీద పడుతున్న చప్పుడు, ముందు ఒక్కొక్కటి, తర్వాత దడదడమని. వాన నాలుగు చినుకులు రాల్చి నదికి అవతలకు వెళ్లిపోయింది. ఇంకా గాలి తగ్గనేలేదు, కొండ దారిలో పిల్లలు గంపలతో దిగుతున్నారు. ఒకడి తల మీద గంప, కిందికి దిగిపోయి కళ్లకు అడ్డుపడుతోంది, వాడు దాన్ని ఎత్తకుండానే పరిగెడుతున్నాడు. మరిది సావిట్లో నిలబడి ఆ పిల్లల్నే చూస్తున్నాడు. ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

స్టేషన్‌కు బైకు మీద అతనే దింపాడు. నా చేతిసంచిలో మామ్మ కట్టిచ్చిన మామిళ్లు, తొనల డబ్బా, నిరుటి తాండ్ర చుట్ట. డబ్బు ఇవ్వబోతే ఆవిడ ముఖం ఎలా అయ్యేదో నాకు తెలుసు, అందుకే ఇవ్వలేదు. ప్లాట్‌ఫారం మీద బండి కోసం నిలబడి ఉన్నప్పుడు అతన్ని అడిగాను.

"నీ లెక్క తప్పని అనను నాయనా. ఒక్క ఏడాది ఆగు. నెలనెలా తోటలోంచి ఏం వచ్చిందో ఒక పుస్తకంలో రాయించు. ఎవరు పట్టుకెళ్లారో కూడా. వచ్చే రోహిణికి ఆ పుస్తకం నీలగిరి లెక్క పక్కన పెట్టుకో. అప్పుడు కూడా కొట్టించాలనిపిస్తే నేను ఒక్క మాట మాట్లాడను."

అతను చాలాసేపు పట్టాల వైపు చూశాడు. "వ్యాపారికి అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలక్కా," అన్నాడు. తర్వాత, "రాయొచ్చు. వదిన రాస్తుంది." ఇంకాసేపు ఆగి, "రాలినవి కూడా రాయాలా?"

"వాటితోనే మొదలుపెట్టు."

పర్లాకిమిడి వైపు పోయే బండి వచ్చింది. సంచి కిటికీలోంచి అందిస్తూ, అడుగున ఒక కాయ పగిలి రసం కారుతోందని చెప్పాడు. పర్లాకిమిడి దాటే లోపల తినేయమన్నాడు.